పరిగెత్తేవాళ్లకు తొడ బయటి పక్క నొప్పి: గుర్తింపు నుంచి మళ్లీ పరుగు దాకా

"తొడ పక్కన నొప్పి వస్తోంది, ఏ స్ట్రెచ్ చేయాలి?" అని చాలామంది అడుగుతుంటారు. జవాబు స్ట్రెచ్ దగ్గర మొదలవదు. ముందు నొప్పి సరిగ్గా ఎక్కడుందో తేలాలి. తొడ బయటి పక్క అని మనం ఒకే మాటగా చెప్పే చోట కనీసం నాలుగైదు రకాల నొప్పులు ఉంటాయి. ఒకదానికి పనికొచ్చేది ఇంకోదాన్ని రేపుతుంది.

అందుకే కింది వరసను తారుమారు చేయకండి. వీడియో చూసి నేరుగా వ్యాయామాల మీద పడ్డవాళ్లే నెలల తరబడి కుంటుతుంటారు.

1. నొప్పి ఎక్కడో వేలు పెట్టి చూపించండి

నిలబడి, నొప్పి ఉన్నచోట ఒక్క వేలు పెట్టండి. వేలితో చూపలేక అరచెయ్యంతా పరచాల్సి వస్తే ఆ సంగతి కూడా గుర్తు పెట్టుకోండి. తర్వాత కింది వాటిలో మీది ఏదో చూడండి.

మోకాలికి బయటి పక్క, కీలుకు సుమారు రెండు వేళ్ల పైన: ఇది ఐటీ బ్యాండ్ నొప్పి. తుంటి పైనుంచి తొడ పక్కగా దిగి, మోకాలి కింది ఎముకకు అతుక్కునే వెడల్పాటి గట్టి పట్టీనే ఐటీ బ్యాండ్ అంటారు. దీన్ని పోల్చుకోవడం తేలిక. మొదట్లో కొంతదూరం ఏమీ ఉండదు. తర్వాత, రోజూ ఇంచుమించు అదే దూరం దగ్గర మొదలై, ఇక అడుగు వేయనివ్వదు. ఆగి కాసేపు నడిస్తే తగ్గుతుంది, పరిగెత్తగానే మళ్లీ వస్తుంది. దిగుడులోనూ మెట్లు దిగేటప్పుడూ ఎక్కువ. వేగంగా పరిగెత్తినప్పటికంటే మెల్లగా జాగింగ్ చేసినప్పుడే ఎక్కువగా బాధించడం కూడా దీని లక్షణమే.

పరీక్ష: వెల్లకిలా పడుకుని మోకాలు మడవండి. బయటి పక్క ఎముక బొడిపె మీద బొటనవేలితో నొక్కిపట్టి, కాలు మెల్లగా చాపండి. ఇంకా 30 డిగ్రీల మడత ఉందనగా "ఇదే ఆ నొప్పి" అనిపిస్తే అనుమానం బలపడినట్టే.

తుంటి పక్కన, ప్యాంటు జేబు దగ్గర చేతికి తగిలే ఎముక మీద: ఇక్కడ అతుక్కునే పిరుదు కండరాల స్నాయువులు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు) దెబ్బతిన్నప్పుడు ఈ నొప్పి వస్తుంది. తొడ బయటి పక్కగా మోకాలి దాకా దిగొచ్చు కూడా. రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేరు. చాలాసేపు కూర్చుని లేచినప్పుడు మొదటి నాలుగడుగులు పట్టేస్తుంది. నలభై దాటిన మహిళల్లో చాలా ఎక్కువ.

పరీక్ష: గోడను ఒక వేలితో మాత్రం తాకుతూ, నొప్పి ఉన్న కాలు మీద 30 సెకన్లు నిలబడండి. తుంటి పక్కన మీకు తెలిసిన నొప్పే మొదలైతే ఇదే అనుకోవచ్చు.

తొడ మధ్యలో, పైపైన, మంటా తిమ్మిరీ: ఇది కండరానిది కాదు, చర్మానికి స్పర్శనిచ్చే నరానిది. ప్యాంటు రాసుకున్నా చురుక్కుమంటుంది, లేదా ఆ చోట మొద్దుబారి ఉంటుంది. కాలి బలం మాత్రం తగ్గదు. దీని సంగతి 6వ భాగంలో.

తొడ బయటి కండలో, నొక్కితే కలుక్కుమనేది: ఎత్తుల మీద పరిగెత్తాకో, గుంజీలు ఎక్కువ తీశాకో, ఏదైనా తగిలాకో వచ్చే కండరాల నొప్పి ఇది. కొన్ని రోజులు పరుగు తగ్గిస్తే పోతుంది. దీనికి ఈ వ్యాసమంతా అక్కర్లేదు.

లోపలెక్కడో, వేలికి అందని నొప్పి: ఇంకేమీ చేయకండి. కింది భాగం చదవండి.

2. ముందు ఇవి కావని తేల్చుకోండి

పరిగెత్తేవాళ్ల తొడ ఎముకలో సన్నని పగుళ్లు రావడం కొత్తేమీ కాదు. తుంటి దగ్గర వచ్చే పగులును పట్టించుకోకుండా పరిగెడితే ఎముక పూర్తిగా విరిగి ఆపరేషన్ దాకా వెళ్లొచ్చు. మన దగ్గర ఇంకోటి కూడా చూడాలి. స్టెరాయిడ్ మందులు ఎక్కువ మోతాదులో వాడినవాళ్లకు, మద్యం బాగా తాగేవాళ్లకు తుంటి కీలులోని ఎముక బంతికి రక్తం అందక ఎముక చచ్చుబడిపోవచ్చు.

కింది వాటిలో ఒక్కటున్నా పరుగు ఆపి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి:

- నొప్పి తొడ లోపల లేదా గజ్జలో ఉంది, బరువు వేస్తే పెరుగుతోంది
- ఇటీవల పరుగు ఒక్కసారిగా పెంచారు, ఇప్పుడు నడకలో కూడా నొప్పి
- కదలకుండా పడుకున్నా రాత్రంతా సలుపు
- నడుము నుంచి కాలి దాకా లాగుతోంది, పాదంలో తిమ్మిరి లేదా బలహీనత
- జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, తొడలో వాపు
- నెలసరి కొన్ని నెలలుగా ఆగిపోయింది, తిండి తగ్గించి పరుగు పెంచారు
- ఎక్కువ రోజులు స్టెరాయిడ్లు వాడిన చరిత్ర

ఎముక పగులు కొత్తగా ఉన్నప్పుడు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. "ఎక్స్‌రే బాగుంది, పరిగెత్తండి" అన్నా ఒంటికాలి మీద బరువు వేస్తే లోపల నొప్పి వస్తూంటే, ఎమ్మారై గురించి అడగండి. ఇలాంటి అనుమానం ఉన్నప్పుడు గెంతి చూసుకునే పరీక్షలు ఇంట్లో చేయొద్దు.

నడుము నుంచి నొప్పితో పాటు మూత్రం, మల విసర్జన మీద అదుపు తప్పినా, జననాంగాల దగ్గర స్పర్శ పోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

3. మొదటి వారం, పది రోజులు: రేపుతున్న పనులు ఆపండి

పూర్తి విశ్రాంతి అక్కర్లేదు. నెలరోజులు మంచం ఎక్కితే నొప్పి పోతుంది, కండరాల బలమూ పోతుంది. తిరిగి అదే పది కిలోమీటర్ల పరుగుకు వెళ్లగానే నొప్పి అదే మలుపు దగ్గర ఎదురొస్తుంది.

నొప్పికి 0 నుంచి 10 దాకా మార్కులు వేసుకోండి. ఏ పని చేసినా 3 దాటకూడదు, మర్నాడు పొద్దునకల్లా మామూలు స్థాయికి రావాలి. ఈ రెండు షరతులూ కుదిరితే ఆ పని చేయొచ్చు. దీన్ని చివరి దాకా వాడతాం, గుర్తుంచుకోండి.

ఐటీ బ్యాండ్ అయితే: నొప్పి మొదలయ్యే దూరం కంటే ముందే ఆగండి. నాలుగో కిలోమీటరు దగ్గర వస్తుంటే రెండున్నరతో సరి. దిగుళ్లు, మెట్లు దిగడం బాగా తగ్గించండి. హైదరాబాద్‌లో ఫ్లైఓవర్ల మీద సాధన చేసేవాళ్లు ఎక్కడంకంటే దిగడంలోనే దెబ్బతింటారు. విశాఖలో కైలాసగిరి దిగే అలవాటున్నవాళ్లు కొన్నాళ్లు బీచ్ రోడ్డుకే పరిమితం కావాలి. అమెరికాలో చలికాలమంతా ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తి, మంచు కరగ్గానే ఎత్తుపల్లాల రోడ్డెక్కేవాళ్లదీ ఇదే కథ. ట్రెడ్‌మిల్‌లో సాధారణంగా దిగుడు ఉండదు మరి.

తుంటి పక్క నొప్పి అయితే పరుగుకంటే మిగతా 23 గంటలే ముఖ్యం. ఆ స్నాయువు నలిగేది మోకాలు శరీరం మధ్యగీత దాటి అవతలి పక్కకు వెళ్లినప్పుడు. మన ఇళ్లలో అది రోజంతా జరుగుతుంది:

- ఒక కాలి మీద బరువంతా వేసి, తుంటి పక్కకు వదిలేసి నిలబడటం
- బిడ్డను ఎప్పుడూ ఒకే పక్క నడుం మీద ఎత్తుకోవడం
- కాలు మీద కాలు వేసుకుని కూర్చోవడం
- నేల మీద రెండు కాళ్లూ ఒక పక్కకు మడిచి కూర్చోవడం
- గట్టి చాప మీద నొప్పి ఉన్న వైపు పడుకోవడం

పక్కకు తిరిగే పడుకోవాలంటే నొప్పి లేని వైపు పడుకుని, రెండు మోకాళ్ల మధ్య మందమైన దిండు పెట్టుకోండి. మడమల దాకా ఆనేలా ఉంటే ఇంకా మంచిది. ఈ ఒక్క దిండుతో వారంలో నిద్ర బాగుపడినవాళ్లున్నారు.

ఐస్ పెట్టాలా, కాపడం పెట్టాలా? ఏది హాయిగా ఉంటే అది, గుడ్డ చుట్టి పది పదిహేను నిమిషాలు. రెండూ ఉపశమనానికే, వైద్యం కాదు.

నొప్పి మాత్ర వేసుకుని పరుగుకు బయల్దేరడం మాత్రం వద్దు. నొప్పి తెలియకపోతే ఎక్కడ ఆగాలో తెలియదు. పైగా మన ఎండల్లో చెమటోడ్చి ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీలకు చేటు.

4. స్ట్రెచ్, రోలర్: వీటిని ఎక్కడ ఉంచాలో అక్కడ ఉంచండి

ఐటీ బ్యాండ్ సాగదీస్తే సాగే రబ్బరు కాదు. చేతులతోనో, కండ మీద దొర్లించే గుండ్రటి దిమ్మ (రోలర్)తోనో దాన్ని పొడవు చేయడం కుదరదు. అది ఎముక మీద అటూ ఇటూ రాసుకుని ఒరిసిపోతుందని చాలాకాలం చెప్పారు. పట్టీ కింద నరాలు ఎక్కువగా ఉండే కొవ్వు పొర నలగడం వల్లే నొప్పి అన్న వివరణ ఇప్పుడు బలంగా ఉంది. అలా నలుగుతున్నదాని మీద ఇంకా బరువేసి రోలర్‌తో రుద్దితే ఏం లాభం?

రోలర్ వాడాలనిపిస్తే పిరుదు మీద, తొడ ముందు కండ మీద ఒకటి రెండు నిమిషాలు వాడండి. కాసేపు తేలిగ్గా ఉంటుంది. మోకాలి పక్క బొడిపె మీదా, తుంటి పక్క ఎముక మీదా అసలు పెట్టొద్దు.

కాలు వెనక కాలు వేసి పక్కకు వంగే స్ట్రెచ్ ఒకటి అందరూ చేస్తుంటారు. తుంటి పక్క నొప్పి ఉన్నవాళ్లకు అది నేరుగా హాని. మోకాలిని ఎదుటి భుజం వైపు లాగే పిరుదు స్ట్రెచ్ కూడా అంతే. హాయిగా అనిపిస్తుంది, రాత్రికి సలుపు మొదలవుతుంది.

5. బలం పెంచడం: అసలు పని ఇదే

పరుగులో ప్రతి అడుగుకూ శరీరమంతా ఒంటికాలి మీద నిలుస్తుంది. ఆ క్షణంలో నడుము అవతలి పక్కకు జారకుండా పట్టుకునేది పిరుదు పక్క కండరాలు. అవి అలసిపోతే తుంటి పక్కకు జారి మోకాలు లోపలికి వాలుతుంది, బయటి పక్క అంతా బిగుసుకుంటుంది. అద్దం ముందు ఒంటికాలి మీద చిన్న గుంజీ తీసి చూడండి. మోకాలు లోపలికి పోతుంటే ఈ పని మీకు మరీ అవసరం.

రోజు విడిచి రోజు చేయాలి. రెండు కాళ్లకూ చేయాలి, నొప్పి ఉన్న కాలితో మొదలుపెట్టాలి. మొదటి దశ ఐటీ బ్యాండ్ వాళ్లకూ తుంటి పక్క నొప్పి వాళ్లకూ ఒకటే.

మొదటి దశ, సుమారు రెండు వారాలు:

- బ్రిడ్జ్: వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పిరుదులు పైకెత్తి 5 సెకన్లు ఆపాలి. 10 సార్లు, 3 విడతలు. పనిచేయాల్సింది పిరుదులు. తొడ వెనక పట్టేస్తుంటే పాదాలు ఇంకొంచెం దగ్గరికి తెచ్చుకోండి.
- గోడకు కాలు జార్చడం: గోడకు వీపు ఆనించి పక్కకు పడుకోండి, నొప్పి కాలు పైన, కాళ్ల మధ్య దిండు. పై కాలి మడమను గోడకు నొక్కి ఉంచి మెల్లగా పైకి జార్చండి. దిండు స్థాయి కంటే కిందికి దించొద్దు. 8 నుంచి 12 సార్లు, 3 విడతలు. మడమ గోడను వదిలిందంటే పని పిరుదును విడిచి తొడ ముందుకు పోయినట్టే. ఇక్కడే ఎక్కువమంది తప్పుతారు.

ఇలా పక్కకు తిరిగి పడుకోవడం కూడా నొప్పిగా ఉంటే, నిలబడి గోడకు మోకాలి పక్క భాగాన్ని 30 సెకన్లు నొక్కిపట్టడంతో మొదలుపెట్టండి.

రెండో దశ, మూడు నుంచి ఆరు వారాలు:

- ఒంటికాలి బ్రిడ్జ్: నడుము ఒక పక్కకు వాలకుండా చేయగలిగినన్ని.
- మెట్టు దిగడం: 10 సెంటీమీటర్ల పీట చాలు. ఒక కాలు పీట మీద, రెండో మడమ నేలను తాకీ తాకనట్టు, మూడు సెకన్లలో దిగండి. మోకాలు పాదం రెండో వేలి వైపే ఉండాలి. ఐటీ బ్యాండ్ వాళ్లకు ఇంతకు మించిన వ్యాయామం లేదని నా అభిప్రాయం, ఎందుకంటే నొప్పి పుట్టే పనినే ఇది కొలతగా, అదుపుగా చేయిస్తుంది. నొప్పి 3 దాటితే పీట బదులు మందమైన పుస్తకం.
- సైడ్ ప్లాంక్: పక్కకు తిరిగి, మోచేతి మీద ఆని, నడుము నేల నుంచి ఎత్తి పట్టాలి. మోకాళ్ల మీద మొదలుపెట్టి 20, 30 సెకన్లు. తుంటి పక్క నొప్పి వాళ్లు ఇది వదిలేయొచ్చు.

మూడో దశలో బరువు కలపాలి. జిమ్ లేకపోతే వీపు సంచిలో 5 కిలోల బియ్యం పెట్టుకుని అవే మెట్టు దిగుళ్లు, ఒంటికాలి గుంజీలు. చివరి రెండు సార్లు కష్టంగా ఉండాలి. మరీ తేలిగ్గా ఉందంటే కండరం పెరగదు.

ఎన్నాళ్లు? స్నాయువుకు 12 వారాలు అనుకుని మొదలుపెట్టండి. ఐటీ బ్యాండ్ చాలామందిలో ఆరు నుంచి ఎనిమిది వారాల్లో దారికొస్తుంది. ఇంజెక్షన్ వేయించుకుంటే తొందరగా అయిపోదా అంటే, తుంటి పక్క నొప్పి మీద 2018లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా అధ్యయనం చూడండి. 35 నుంచి 70 ఏళ్లవాళ్లు 204 మందిని మూడు జట్లు చేశారు. ఎనిమిది వారాలకు బాగుపడ్డామన్నవాళ్లు వ్యాయామం, జాగ్రత్తలు నేర్పిన జట్టులో 77 శాతం, స్టెరాయిడ్ ఇంజెక్షన్ జట్టులో 58 శాతం, ఏమీ చేయకుండా వేచి చూసిన జట్టులో 29 శాతం.

6. మంట, తిమ్మిరి అయితే

ఇది తుంటి ముందు పక్క, బెల్టు కట్టే చోటి దగ్గర నరం నొక్కుకోవడం వల్ల వచ్చేది. పైన చెప్పిన వ్యాయామాలతో దానికి పెద్దగా పని లేదు. ముందు నడుముకు కట్టినవన్నీ తీసేయండి: ఫోను, నీళ్ల సీసా పెట్టుకునే రన్నింగ్ బెల్టు, బిగుతు ఎలాస్టిక్ షార్ట్స్, ప్యాంటు బెల్టు. ఫోను చేతికి కట్టుకోండి. కొన్ని వారాల్లో తగ్గుముఖం పడుతుంది. పొట్ట పెరిగినవాళ్లకు, గర్భిణులకు, షుగర్ ఉన్నవాళ్లకు ఇది ఎక్కువగా వస్తుంది. కాబట్టి షుగర్ పరీక్ష చేయించి చాలాకాలమైతే అదీ చేయించండి. నడుము నొప్పి కూడా ఉంటే, కాలు బలహీనపడితే మాత్రం డాక్టరే చూడాలి.

7. మళ్లీ పరుగు

తేదీ చూసి కాదు, ఇవి కుదిరాక మొదలుపెట్టండి:

- చురుగ్గా 30 నిమిషాల నడక, నొప్పి లేకుండా
- రెండు అంతస్తుల మెట్లు దిగడం, నొప్పి 2 లోపు
- పీట మీంచి మెట్టు దిగుడు 15 సార్లు, మోకాలు వాలకుండా
- నొప్పి వచ్చిన కాలి మీద 10 గెంతులు

తొలి రోజు ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక, పది సార్లు. చదునైన చోట, రోజు విడిచి రోజు. మర్నాటికి నొప్పి మిగలకపోతే రెండు నిమిషాలకు, ఆపైన మూడుకు పెంచండి. ఐటీ బ్యాండ్ వాళ్లు ఈ నిమిషాలను ఈడ్చుకుంటూ కాకుండా కాస్త చురుగ్గా పరిగెత్తడం మేలు. తుంటి పక్క నొప్పి వాళ్లకు మాత్రం వేగం చివర్లోనే.

ముందు సమయం పెంచండి, తర్వాత వేగం, అన్నిటికంటే ఆఖరున దిగుళ్లు. ఒకే వారంలో రెండు పెంచకండి. నొప్పి తిరిగొస్తే మొదటికి పోనక్కర్లేదు, ఒక మెట్టు వెనక్కి దిగితే చాలు.

8. అడుగు, రోడ్డు, బూట్లు

మీ అడుగుల లెక్క తీయండి. కుడి కాలు నేలను తాకడం 30 సెకన్లలో ఎన్నిసార్లో లెక్కపెట్టి 4తో హెచ్చించండి. 40 వస్తే నిమిషానికి 160. దాన్ని అదే వేగంలో 5 శాతం, అంటే 168కి పెంచి చూడండి. అడుగు చిన్నదై, తుంటి మీదా మోకాలి మీదా భారం తగ్గుతుంది. ఫోనులో సమానంగా టిక్ టిక్ కొట్టే మెట్రోనోమ్ యాప్ పెట్టుకుంటే సులువు. అందరూ 180కి చేరాలన్న మాట పట్టించుకోకండి.

ఒకే తాడు మీద నడిచినట్టు పాదాలు ఒకే గీత మీద పడుతుంటే రెండింటి మధ్య రెండు మూడు వేళ్ల ఎడం పెట్టండి. ఐటీ బ్యాండ్ మీద లాగుడు తగ్గుతుంది.

మన రోడ్లు మధ్యలో ఎత్తుగా, అంచులకు వాలుగా ఉంటాయి. రోజూ ఒకే అంచున పరిగెడితే ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. కాలేజీ గ్రౌండులో ఎప్పుడూ ఒకే దిక్కుగా తిరిగేవాళ్లు కూడా సగం చుట్లు ఎదురు దిక్కుగా తిరగాలి, పక్కవాళ్లను చూసుకుని.

బూట్లు 500 నుంచి 800 కిలోమీటర్లు తిరిగి, మడమ ఒక పక్క అరిగితే మార్చండి. కొత్తవి కొన్నంత మాత్రాన నొప్పి పోతుందని ఆశ పడకండి.

9. తరచూ జరిగే పొరపాట్లు, దిద్దుబాటు

- నొప్పి తగ్గగానే వ్యాయామాలు మానేయడం: వారానికి రెండు రోజులైనా కొనసాగించండి.
- పరుగు మానేసి అదే జోరుతో సైకిలెక్కడం: ఐటీ బ్యాండ్‌కు సీటు ఎత్తు ఎక్కువైనా నొప్పే. సీటు కాస్త దించండి, 3 మార్కుల లెక్క ఇక్కడా వర్తిస్తుంది.
- ఆగస్టు చివర్లో హైదరాబాద్ మారథాన్ అని జులైలో ఒక్కసారిగా ఫ్లైఓవర్లు కలపడం: దిగుళ్లను రెండు మూడు నెలల ముందు నుంచే వారానికి కొంచెం కొంచెంగా కలపాలి.
- ఆరు వారాలు సరిగ్గా చేసినా మార్పు లేకపోవడం: స్పోర్ట్స్ గాయాలు చూసే ఫిజియో దగ్గరికి వెళ్లి మీ పరుగు చూపించండి. మంచం మీద పడుకోబెట్టి మెషిన్లు పెట్టి పంపేసే చోటుకు కాదు.

10. కానిస్టేబుల్ ఈవెంట్స్ దగ్గరపడ్డవాళ్లకు

పోలీసు ఎంపికలో 1600 మీటర్ల పరుగు పరీక్షకు మూడు వారాలే ఉంది, మోకాలి బయటి పక్క నొప్పి అనేవాళ్లకు కొంచెం వేరే లెక్క. ఐటీ బ్యాండ్ నొప్పి చాలామందిలో 1600 దాటాకే మొదలవుతుంది. అంటే మిమ్మల్ని దెబ్బతీస్తున్నది పరీక్ష దూరం కాదు, దానికోసం రోజూ వేస్తున్న పది చుట్లు.

దూరప్పరుగులు ఆపేయండి. వారానికి మూడు రోజులు, వామప్ తర్వాత 400 మీటర్లు నాలుగు, మధ్యలో పూర్తిగా తేరుకునేదాకా నడక. 1600 టైము పెట్టి చూసుకోవడం వారానికి ఒక్కసారే. మిగతా రోజుల్లో మొదటి, రెండో దశ వ్యాయామాలు. పరీక్షకు ముందు మూడు రోజులు తేలిక నడక తప్ప ఏమీ వద్దు.

నొప్పి మోకాలి పక్కన కాక తొడ లోపల ఉండి, నడకలోనూ వస్తుంటే ఈ లెక్క మీకు కాదు. ముందు స్కాన్, తర్వాతే గ్రౌండ్.